తెలవని యాప్‌ను అరుగు మీదనే కూసోబెట్టాలె



పోస్టు జర పొడుగైంది. సెలవు రోజు కాబట్టి నిమ్మళంగ చదవండి. సగం చదివి "మంచి ముచ్చట అన్నా" అని పెట్టి పోకండి, కింది దాంక చదవండి. ఎందుకంటే ఇందుల నా తప్పు ఒకటి ఉన్నది. అది చెప్పకుంట మీకు సుద్దులు చెప్పే హక్కు నాకు లేదు.

మూడు నెలల కింద మా రూము గ్రూపుల నేనే ఒక ఫైలు పెట్టిన. వీడియో కాల్ యాప్. ఇక్కడ దుబాయిల వాట్సాప్ మెసేజ్ పోతది కానీ కాల్ నడవదని మీకు ఎరికే. పర్మిషన్ ఉన్న యాప్‌లు వేరే ఉన్నయి. వేరే క్యాంపుల ఉండే మా ఊరి దోస్తు "ఇది అన్నింటికన్న మంచిది, బొమ్మ మస్తు క్లియర్ వస్తది, మొత్తం ఫ్రీ" అని పంపిండు. ప్లే స్టోర్‌ల లేని యాప్. ఏపీకే ఫైలు. నేను వేసుకున్న, ఇంటికి మాట్లాడిన, బొమ్మ నిజంగనే క్లియర్ వచ్చింది. ఇంకేం, గ్రూపుల పెట్టిన.

మా రూముల ఆరుగురం ఉంటం. అందరికంటె చిన్నోడు జగిత్యాల దిక్కు పిల్లగాడు, షట్టరింగ్ కార్పెంటర్. నా కిందనే పని చేస్తడు. వానికి ఫోన్‌ల ఏది వేసుకోవాలన్నా అనుమానమే, మామూలుగ అయితే నలుగురిని అడిగి వేసుకుంటడు. ఈసారి ఎవ్వల్నీ అడగలేదు. "అన్న పంపిండు కదా" అనుకున్నడు. యాప్ అడిగిన దానికల్లా "అలౌ" కొట్టిండు.

తొమ్మిది రోజులు ఏం కాలేదు. పదో రోజు రాత్రి 2 గంటలకు వాని ఊరి బ్యాంకు ఖాతాల నుంచి నాలుగు సార్లుగ 2,86,000 రూపాయలు పోయినయి. ఇంటి స్లాబుకు దాచుకున్న పైసలు. ఫోను తలాపున ఛార్జింగుల ఉన్నది, వాడు నిద్రల ఉన్నడు. పొద్దుగాల 4 గంటలకు బస్సు కోసం లేచి మెసేజ్‌లు చూసుకున్నడు. ఆ తర్వాత వాని ముఖం చూడలేకపోయిన.

ఇప్పుడు అసలు ముచ్చట. అదే యాప్ నా ఫోన్‌ల కూడ ఉన్నది. నేనూ అడిగినదానికల్లా "అలౌ" కొట్టిన, అబద్ధం ఎందుకు. మరి నా పైసలు ఎందుకు పోలేదు?

తెలివితోని కాదు, బద్దకంతోని. నా ఇండియా సిమ్ము, అదే బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ము, పాత బటన్ ఫోన్‌ల పడి ఉన్నది. ఎనిమిదేండ్ల సంది అందుల్నే ఉన్నది, తీసి పెద్ద ఫోన్‌ల వేసుడు బద్దకం. బ్యాంకు యాప్ వేసుకుందమంటే ఆ సిమ్ము అదే ఫోన్‌ల ఉండాలె అన్నది, నేను "పో" అని వదిలేసిన. ఎప్పుడన్న పైసలు చూసుకోవాలంటే బ్రౌజర్‌ల చూసి, ఓటీపీ బటన్ ఫోన్‌ల చదివి కొట్టేటోన్ని. దొంగ యాప్ నా ఫోన్‌ల కూసున్నది, కానీ దానికి ఓటీపీ దొరకలేదు. పిల్లగాని ఫోన్‌ల మాత్రం రెండు సిమ్ములు, బ్యాంకు యాప్, ఫోన్ పే, ఆ దొంగ యాప్, అన్నీ ఒక్క తాన.

ఒకే రూము, ఒకే ఫైలు, ఒకే తప్పు. ఒకనికి స్లాబు పోయింది, ఒకనికి ఏం కాలేదు. తేడా చదువుల లేదు, హుషారుల లేదు. తేడా ఒక్కటే: ఒక తాన అన్నీ కలిసి ఉన్నయి, ఇంకో తాన వేరు వేరుగ ఉన్నయి. ఇదే నేను ఇయ్యాల చెప్పాలనుకున్నది.

మనకు అందరు ఇచ్చే సలహా ఏంది? "తెలవని యాప్ వేసుకోకండి." పోలీసులు చెప్తరు, బ్యాంకు చెప్తది, టీవీల చెప్తరు. ఆ మాట తప్పు కాదు. కానీ నేను ఒప్పుకోను, ఎందుకంటే అది మన బతుకు చూసి చెప్పిన మాట కాదు. మనకు తెలిసిన యాప్ ఏది? కంపెనీ హాజరు యాప్ వేసుకోమంటది, ఆ కంపెనీ పేరు తప్ప మనకేం తెలుసు? ఏజెంటు ఫారం పంపుతడు, లింకు పంపుతడు. క్యాంపు బస్సుకు యాప్, మెస్సుకు యాప్, జీతం కార్డుకు యాప్. పరాయి దేశంల మన పని అంత తెలవని వాళ్ల యాప్‌ల మీదనే నడుస్తది. "వేసుకోకు" అంటే "పని చేసుకోకు" అన్నట్టే. అందుకే మనం ఆ మాట వింటం, తల ఊపుతం, తెల్లారి మళ్ల వేసుకుంటం.

నేననేది ఇంకో తీరు. తెలవని మనిషి ఇంటికి వస్తే మన పెద్దోళ్లు ఏం చేసేటోళ్లు? వెళ్లగొట్టలేదు. అరుగు మీద కూసోబెట్టిన్రు, మంచినీళ్లు ఇచ్చిన్రు, ఊరు పేరు అడిగిన్రు. బీరువా ఉన్న అర్రలకు మాత్రం తోలుకపోలేదు. యాప్‌కు కూడ అంతే. రానియ్యాలె, కానీ అరుగు మీదనే ఉంచాలె.

నాకు ఈ సంగతి చెప్పినోడు మా సైటు ఆఫీసుల డాక్యుమెంట్ కంట్రోలర్, కేరళ పిల్లగాడు. పిల్లగాని పైసలు పోయినంక నేను పోయి వానితోని అన్నీ చెప్పిన. వాడు నన్ను పక్కకు కూసోబెట్టుకొని తన ల్యాప్‌టాప్‌ల ఒకటి చూపించిండు. ఆ వారమే ఒక సబ్ కాంట్రాక్టర్ పేరు మీద మెయిల్ వచ్చిందట, "డెలివరీ నోట్" అని. పీడీఎఫ్ బొమ్మనే ఉన్నది, కానీ పేరు చివర చూస్తే ఈఎక్స్ఈ, అంటే కాగితం కాదు, ప్రోగ్రాము. వాడు దాన్ని మామూలుగ తెరవలేదు. విండోస్ శాండ్‌బాక్స్ అని ఒకటి తెరిచిండు.

అదేందంటే, కంప్యూటర్ లోపల ఇంకో కొత్త కంప్యూటర్ తెరుచుకున్నట్టు. కిటికీల కనిపిస్తది, అందుల విండోస్ ఉంటది, కానీ మన ఫైళ్లు ఒక్కటి ఉండవు. డ్రాయింగులు లేవు, మెయిల్ లేదు, పాస్‌వర్డులు లేవు. ఖాళీ రూము. అనుమానం ఉన్న ఫైలును అందుల వేసి తెరిచిండు, అది కూడ నెట్టు బంద్ పెట్టి. కాగితం ఏం రాలేదు, నల్ల డబ్బా ఒకటి మెరిసి మాయమైంది. "చూసినవా అన్నా, కాగితమైతే కనపడాలె కదా" అని ఆ కిటికీని క్లోజ్ కొట్టిండు. క్లోజ్ కొడితే లోపల ఉన్నదంత పోతది. ఆ ఫైలు పోయింది, అది చేసిన పని పోయింది. మళ్ల తెరిస్తే మళ్ల కొత్త ఖాళీ రూమే.

అప్పుడు నాకు క్యూబులు యాదికొచ్చినయి. మన పనోళ్లకు చెప్పే పని లేదు. కాంక్రీటు లారీ రాగానే స్లంప్ చూస్తం, క్యూబులు పోస్తం, 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని ల్యాబుల మిషిన్ల పెట్టి పగలగొడ్తం. ఆ క్యూబు ఇల్లు కట్టడానికి పోసింది కాదు, పగలగొట్టడానికే పోసింది. క్యూబు పగిలితే ఎవ్వనికీ నష్టం లేదు. కాలమ్ పగిలితే మనుషులు పోతరు. శాండ్‌బాక్స్ అంటే కంప్యూటర్‌కు క్యూబు. పగిలితే పగలనీ అని పక్కకు పెట్టుకున్న ముక్క. పదిహేనేండ్ల సంది సిమెంటును నమ్మకుంట క్యూబులు పోపిస్తున్న నేను, ఫోన్‌ల మాత్రం ఎవడో పంపిన ఫైలును తీసి నేరుగ కాలమ్‌ల పోసిన.

సైటు ఆఫీసుల, స్టోరుల కంప్యూటర్ మీద పని చేసే తమ్ముళ్లకు ఇంత చెప్త. ఈ విండోస్ శాండ్‌బాక్స్ 2019 నుంచి విండోస్ 10 ప్రో, ఎంటర్‌ప్రైజ్‌లల ఉన్నది, విండోస్ 11 ప్రోల కూడ ఉన్నది. హోమ్ ఎడిషన్‌ల లేదు. విడిగ పైసలు కట్టే పని లేదు, విండోస్ ఫీచర్స్ అనే తాన టిక్కు పెట్టి ఆన్ చేసుకోవాలె. కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలె, 8 ఉంటే మంచిగ నడుస్తది. హోమ్ ఎడిషన్ ఉన్నోళ్లకు వర్చువల్ బాక్స్ అని ఫ్రీది ఉన్నది, అందుల కూడ కంప్యూటర్ లోపల కంప్యూటర్ పెట్టుకోవచ్చు, జర పని ఎక్కువ. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే మీరే చేయకండి, ఐటీ వాళ్లను అడగండి.

ఒక్కటి యాదిపెట్టుకోండి. శాండ్‌బాక్స్‌ల మామూలుగ నెట్టు ఆన్‌ల ఉంటది, కాపీ పేస్టు కూడ బయటికి లోపటికి నడుస్తది. నెట్టు ఉన్నదంటే ఆఫీసు నెట్‌వర్కుకు తొవ్వ ఉన్నట్టే. 2017 మే నెలల వన్నాక్రై వచ్చినప్పుడు అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు నెట్‌వర్కు మీదనే పాకింది, ఎవ్వరూ ఏదీ నొక్కకుంటనే. అందుకే కేరళ పిల్లగాడు నెట్టు బంద్ పెట్టి తెరిచిండు. మ్యాన్‌హోల్ల మనిషిని దింపేటప్పుడు గ్యాస్ చెక్ చేసుడే కాదు, పక్కన ఉన్న పైపు లైను కూడ బంద్ పెట్టిస్తం కదా, గట్లనే.

ఇగ మన ఫోన్ల ముచ్చటకొస్త, మనలో ఎక్కువ మందికి కంప్యూటర్ లేదు, ఫోనే అన్నీ.

ముందుగాల ఒక మాట. ఆండ్రాయిడ్ ఫోన్‌ల ఏ యాప్‌కు ఆ యాప్ వేరే రూముల ఉంటది. మామూలుగ ఒక యాప్ ఇంకో యాప్ రూములకు పోయి దాని ఫైళ్లు చూడలేదు. ఫోను చేసినోళ్లు తాళాలు పెట్టే ఇచ్చిన్రు. మరి దొంగ ఎట్ల వస్తడు? మనం తాళం చేతులు ఇస్తే వస్తడు. "అలౌ" కొట్టుడంటే తాళం చెయ్యి ఇచ్చుడే. అన్ని తాళాలు ఒక్క తీరుగ ఉండవు. కెమెరా ఇస్తే కెమెరా వరకే. కానీ మూడు తాళాలు ఉన్నయి, అవి ఇస్తే ఇల్లు ఇచ్చినట్టే.

ఒకటి, ఎస్ఎంఎస్. ఇచ్చినమంటే ఓటీపీ వాని చేతికి పోయినట్టే.

రెండు, నోటిఫికేషన్ యాక్సెస్. పైన వచ్చే ప్రతి మెసేజ్ చదువుతది. ఎస్ఎంఎస్ ఇయ్యకున్నా ఓటీపీ ఇక్కడ దొరుకుతది.

మూడు, యాక్సెసిబిలిటీ. ఇది అన్నింటికన్న పెద్దది. కండ్లు కనపడని వాళ్ల కోసం, చేతులు సరిగ ఆడని వాళ్ల కోసం పెట్టిన మంచి సౌకర్యం. తెర మీద ఉన్నది చదువుతది, మన తరఫున నొక్కుతది. దొంగకు ఇది దొరికితే మనం పిన్ కొట్టేది చూస్తడు, రాత్రి మనం పండుకున్నంక వాడే నొక్కుతడు. పిల్లగాని ఫోన్‌ల అయింది ఇదే.

2022ల వచ్చిన ఆండ్రాయిడ్ 13 సంది, బయటి ఫైలు తెచ్చి వేసిన యాప్‌కు యాక్సెసిబిలిటీ ఇద్దమంటే ఫోనే అడ్డం పడతది, "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అంటది. దొంగలు దానికి కూడ తొవ్వ కనిపెట్టిన్రు: ఆ అడ్డం ఎట్ల తీయాల్నో బొమ్మలతోని మనకే నేర్పుతరు, మన చేతితోనే తీపిస్తరు. ఏ యాప్ అయినా "ఈ అడ్డం తీయి", "ప్లే ప్రొటెక్ట్ బంద్ పెట్టు" అన్నదంటే అది దొంగదే అనుకోండి. బార్కేడు తీసి లోపలికి రమ్మనేటోడు మన మంచి కోరెటోడు కాదు.

మరి అరుగు ఎక్కడున్నది మన ఫోన్‌ల? ఉన్నది, మనమే చూడలేదు.

సామ్‌సంగ్ ఫోన్లల సెక్యూర్ ఫోల్డర్ అని ఉంటది, కొన్ని తక్కువ ధర మోడళ్లల ఉండదు. చాలా షియోమీ ఫోన్లల సెకండ్ స్పేస్ అని ఉంటది. కొన్ని ఫోన్లల సెట్టింగుల మల్టిపుల్ యూజర్స్ అని, గెస్ట్ అని ఉంటది. 2024ల వచ్చిన ఆండ్రాయిడ్ 15ల ప్రైవేట్ స్పేస్ అని వచ్చింది. పేర్లు వేరు, పని ఒక్కటే: ఫోన్‌ల ఇంకో గది. ఆ గదిల వేసిన యాప్‌కు బయట ఉన్న మన ఫోటోలు, మన ఫైళ్లు, మన కాంటాక్టులు కనపడవు. ప్రైవేట్ స్పేస్‌కు తాళం వేస్తే లోపలి యాప్‌లు ఆగిపోతయి కూడ.

ఇక్కడ మనోళ్లు ఒక తప్పు చేస్తున్నరు. మా క్యాంపుల నలుగురిని అడిగిన, నలుగురూ సెక్యూర్ ఫోల్డర్‌ల బ్యాంకు యాప్ పెట్టుకున్నరు, తెలవని యాప్‌లు మాత్రం బయట మొత్తం ఫోన్‌ల తిరుగుతున్నయి. దాచుడు వేరు, దూరం పెట్టుడు వేరు. ఫోను ఎవడన్న చేతికి తీసుకుంటే కనపడొద్దని బ్యాంకు యాప్ దాచుకుంటే తప్పు లేదు. కానీ దొంగ యాప్ భయానికైతే, ఆ తెలవని దాన్నే గదిల పెట్టి తాళం వేయాలె. సైటుల డీజిలు డబ్బాలు ఎక్కడ పెడ్తం? దూరంగ షెడ్డుల పెడ్తం. డీజిలు రూముల పెట్టి మనం పోయి షెడ్డుల పండుకుంటమా?

ఈ గది కూడ గోడే తప్ప కోట కాదు. గదిల వేసి కూడ యాక్సెసిబిలిటీ ఇస్తే, ఎస్ఎంఎస్ ఇస్తే, మీరు కట్టిన గోడకు మీరే కన్నం పెట్టినట్టు. ఇంకోటి, దొంగ ఫారంల మీరే కూసొని కార్డు నంబరు, పాస్‌పోర్ట్ నంబరు, ఓటీపీ టైపు చేసి ఇస్తే ఏ గదీ ఏం చెయ్యలేదు. గది ఫోనును కాపాడుతది, మన చేతితోని మనం ఇచ్చిన దాన్ని కాపాడదు.

అందుకే నా అసలు సలహా ఇంకోటి ఉన్నది. ఇది రూముకొక టెస్ట్ ఫోన్.

వాడిన ఫోన్ల దుకాణంల మేము 150 దిర్హమ్‌లకు ఒకటి తెచ్చినం. ఆరుగురం, మనిషికి 25. అది రూముకు క్యూబు లెక్క. దాని రూల్స్ మేము కాగితం మీద రాసి బీరువా తలుపుకు అతికించినం:

సిమ్ము వేసుడు లేదు. వైఫై ఒక్కటే. రూటర్ల గెస్ట్ వైఫై ఉంటే అదే ఇయ్యాలె, అప్పుడు అది మిగతా ఫోన్లు ఉన్న దిక్కు రాదు.

ఎవ్వని జీమెయిల్ అందుల వేసుడు లేదు, ఎవ్వని వాట్సాప్ దానికి లింకు చేసుడు లేదు. క్యూఆర్ చూపించి లింకు చేసినమంటే మన చాట్లన్నీ అందుల పెట్టినట్టే.

పాస్‌పోర్ట్, ఎమిరేట్స్ ఐడీ, వీసా కాపీ, ఇంటోళ్ల ఫోటో, ఏదీ అందుల ఉండొద్దు.

తెలవని ఫైలు వచ్చిందంటే ముందు అందుల్నే వేయాలె. ఏమేం అడుగుతున్నదో చూడాలె. టార్చి యాప్ ఎస్ఎంఎస్ అడిగితే, పెండ్లి పత్రిక కాంటాక్టులు అడిగితే, దానికి అక్కడనే గోరీ. వారం రోజులు చూసినంకనే మన ఫోన్‌ల వేసుడు గురించి ఆలోచన.

అనుమానం వచ్చిందంటే ఫ్యాక్టరీ రీసెట్. అందుల మనది ఏమీ లేదు కాబట్టి కొట్టడానికి చెయ్యి వణకదు. అసలు లాభం అదే. మన సొంత ఫోను రీసెట్ కొట్టాలంటే బిడ్డ పుట్టినప్పటి ఫోటోలు యాదికొచ్చి, "రేపు చూద్దం" అని ఆగుతం. ఆ రేపట్ల పైసలు పోతయి.

ఇది చెప్తే మా క్యాంపుల మూడు మాటలు వచ్చినయి. వాటికి జవాబు చెప్త.

ఒకరు, "వారం రోజులు మంచిగుండి పదో రోజు దొంగతనం చేస్తే నీ టెస్టు ఎందుకు అన్నా?" అన్నరు. నిజం. పిల్లగాని యాప్ కూడ తొమ్మిది రోజులు నోరు మూసుకొనే ఉన్నది. క్యూబు పాసైనంత మాత్రాన బిల్డింగుకు రాసిచ్చినట్టు కాదు, కానీ క్యూబు ఫెయిలైతే మాత్రం పోయొద్దని తెలుస్తది. టెస్టుల పాసైన యాప్‌ను కూడ నేను గదిలనే వేస్త, మూడు తాళాలు ఇయ్య. ఒక్క గోడను నమ్మొద్దు, రెండు గోడలు ఉండాలె. వైరస్ టోటల్ అని గూగుల్ వాళ్లది ఒక సైటు ఉన్నది, ఏపీకే ఫైలును అందుల వేస్తే చాలా యాంటీవైరస్‌లతోని ఒకేసారి చూసి చెప్తది. ఎర్రది వస్తే వదిలేయండి. ఎర్రది రాకపోతే మంచిదని కాదు, ఇంకా దొరకలేదని అంతే. అందుల మన సొంత కాగితాలు మాత్రం వేయకండి, అవి వేరేటోళ్లు చూడొచ్చు.

ఇంకొకరు, "వీడియో కాల్ యాప్‌ను ఆ ఫోన్‌లనే ఉంచి అందుల్నే మాట్లాడుకుంటం" అన్నరు. ఇది విని నాకు నవ్వొచ్చింది, తర్వాత భయం అయింది. పెండ్లాంతోని మాట్లాడే ముచ్చట ఆరుగురు పట్టుకునే ఫోన్‌ల ఏందిరా అనేది ఒకటి. పెద్దది ఇంకోటి: కాల్ అంటే రెండు చివర్లు. మనం ఇక్కడ అరుగు మీద కూసోబెడ్తం సరే, అక్కడ ఇంటికాడ ఆమె ఏ ఫోన్‌ల వేస్తది? ఫోన్ పే ఉన్న ఫోన్‌ల, మనం పంపిన పైసలు వచ్చే ఫోన్‌ల, పిల్లల స్కూలు ఫీజు కట్టే ఫోన్‌ల. మనం దొంగను మన అరుగు మీద ఆపి ఇంటికాడ నేరుగ అర్రలకు తోలినట్టు. అందుకే కాల్‌కు మాత్రం నేను ఈ తిప్పలన్నీ వదిలేసి, ఇక్కడ పర్మిషన్ ఉండి ప్లే స్టోర్‌ల దొరికే యాపే వాడుతున్న. ఖర్చు ఉంటే ఉండనీ. కొన్నింటికి టెస్టు కూడ దండగ.

మూడో మాట, "మా తాన ఏమున్నదని దొంగలు వస్తరు?" ఇది వింటే నాకు కోపం వస్తది. మన తాన ఉన్నది రెండేండ్లకోసారి ఊరికి పోయేటప్పుడు పట్టుకుపోయే పైసలు, బిడ్డ పెండ్లికి దాచినయి, అప్పుకు కట్టేటియి. పెద్దోనికి పోతే బ్యాంకు మేనేజర్ ఇంటికొస్తడు. మనకు పోతే బ్యాంకుకు ఫోను చేయాలంటే కూడ డ్యూటీ అయిపోవాలె, టైమ్ తేడా చూసుకోవాలె, ఇండియా నంబరుకు బ్యాలెన్సు ఉండాలె. దొంగకు ఇది మనకన్న బాగ ఎరుక.

ఇంటోళ్లకు కూడ చెప్పండి. మన దిక్కు వాట్సాప్‌ల ట్రాఫిక్ చలాన్ అని, పీఎం కిసాన్ అని, పెండ్లి పత్రిక అని ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నయి, పోలీసులు కూడ మళ్ల మళ్ల చెప్తున్నరు. తెలిసినోళ్ల నంబర్ నుంచే వస్తయి, ఎందుకంటే ముందు వాళ్ల ఫోన్‌ల పడి అక్కడి నుంచే పాకుతయి. పత్రిక అయితే ఫోటో వస్తది లేకుంటే పీడీఎఫ్ వస్తది, ఇన్‌స్టాల్ చేయమనదు. ఇంటికాడ టెస్ట్ ఫోన్ కుదరకపోతే ఒక్క పని చేయండి: బ్యాంకుకు లింకు ఉన్న సిమ్మును బటన్ ఫోన్‌ల వేయించండి. ఫోన్ పే నడవాలంటే సిమ్ము అదే ఫోన్‌ల కావాలె కాబట్టి, ఫోన్ పేకు వేరే చిన్న ఖాతా, వేరే సిమ్ము పెట్టి, నెల ఖర్చుకు సరిపోయేంతే అందుల ఉంచండి. పెద్ద పైసలు ఉన్న ఖాతాకు యాప్ అక్కర్లేదు.

పొరపాటున అయిపోతే సిగ్గుపడి ఆగకండి. ముందు ఫోన్‌ల నెట్టు బంద్ పెట్టి ఏరోప్లేన్ మోడ్ వేయండి. వేరేటోళ్ల ఫోన్‌ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా బ్లాక్ చేయించండి. ఇంటోళ్లతోని 1930 నంబరుకు చేయించండి, అది ఇండియాల సైబర్ నేరాల నంబరు, ఎంత తొందరగ చేస్తే అంత మంచిది, పైసలు వేరే ఖాతాల నుంచి బయటికి పోకముందే ఆపే అవకాశం ఉంటది. దుబాయిల అయితే పోలీసులకు 901కి చెప్పొచ్చు. పాస్‌వర్డులు, పిన్నులు ఆ ఫోన్‌లనే కూసొని మార్చకండి, దొంగ ముందల కూసొని కొత్త తాళం వేసినట్టు అయితది. వేరే ఫోన్‌ల మార్చండి, తర్వాత ఆ ఫోను రీసెట్ కొట్టండి.

పిల్లగాడు నాలుగు గంటలు ఆలస్యం చేసిండు. వానికి ఏం చేయాల్నో తెలవదు, నాకూ తెలవదు. ఫోర్‌మన్‌ను అడిగి పక్కకు పోవాలంటే మొగమాటం, ఆరోజు స్లాబు పోసుడు ఉండె. ఆ స్లాబు నేనే పోపిస్తున్న. వాడు వచ్చి "అన్నా, జర పని ఉన్నది" అన్నడు. "స్లాబు కానీ" అన్న నేను. ఎవరిదో స్లాబు కోసం వాని స్లాబు పోగొట్టిన. ఫైలు పంపిన తప్పు కన్న ఈ మాట నన్ను ఎక్కువ పొడుస్తది.

నేను నెలకు 300 దిర్హమ్‌లు వానికి ఇస్తనన్న. వాడు వద్దన్నడు. "నువ్వు కావాలని చేసినవా అన్నా?" అన్నడు. వాని అవ్వ ఖాతాల నేనే వేస్తున్న, వానికి చెప్పలేదు. ఈ పోస్టు చదివితే తెలుస్తది, తెలవనీ.

సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు, రూముల పెద్దోళ్లు ఎవరున్నా మీకు ప్రత్యేకంగ చెప్తున్న. మనం గ్రూపుల ఒక ఫైలు పెట్టినమంటే అది ఫైలు ఒక్కటే కాదు, మన మాట కూడ దానితోని పోతది. సైటుల మనం "ఎక్కు" అంటే స్కాఫోల్డింగ్‌కు ఆకుపచ్చ ట్యాగు ఉన్నదా అని చూడకుంట ఎక్కెటోళ్లు ఉన్నరు, మనల్ని నమ్మి. గ్రూపుల కూడ అంతే నమ్ముతరు. ట్యాగు చూడకుంట ఎవ్వల్నీ ఎక్కియ్యం కదా. అరుగు మీద కూసోబెట్టి చూడని ఫైలును గ్రూపుల పెట్టొద్దు.

ఈ ఆదివారం మీ రూముల కూసొని ఒక్క గంట మాట్లాడుకోండి. ఎవని ఓటీపీ సిమ్ము ఏ ఫోన్‌ల ఉన్నది, యాక్సెసిబిలిటీల ఏమేం యాప్‌లు ఆన్‌ల ఉన్నయి, అందరి ఫోన్లు తెరిచి చూడండి. మనిషికి 25 దిర్హమ్‌లు వేసి పాత ఫోను ఒకటి తెచ్చుకోండి. ఇందుల ఏమన్న తప్పు చెప్పి ఉంటే, ఎక్కువ తెలిసిన తమ్ముళ్లు దిద్దండి, ఏమనుకోను. పదో తరగతి వాన్ని, నేర్చుకుంటున్న.

అందరూ పైలం.